ఇంజిన్ మాట ఎక్కడ వినాలి, ఎక్కడ కాదనాలి

విశాఖలో ఆదివారం ర్యాపిడ్ చెస్ టోర్నీ ఆడి పలాస బండెక్కిన పిల్లలు కొత్తవలస రాకముందే ఫోన్లు తీస్తారు. గుర్తున్నంతవరకు ఎత్తులు యాప్‌లో ఎక్కించి, ఆటని లెక్కగట్టే ప్రోగ్రాం, అదే ఇంజిన్, ఆన్ చేస్తారు. విజయనగరంలో దిగేసరికి తీర్పు చేతిలో ఉంటుంది: నాలుగు బ్లండర్లు, ఆరు మిస్టేక్‌లు, కచ్చితత్వం 71 శాతం. ఆమదాలవలస దాకా వెళ్ళేవాళ్ళు మరో ఆట కూడా చూసేస్తారు. ఇలా చూసినదాంట్లో మర్నాటికి మిగిలేది చాలా తక్కువ. ఇంజిన్ తప్పు చెప్పిందని కాదు, దాన్ని ఏం అడిగామో మనకే తెలియకపోవడం వల్ల.

ఇంజిన్‌కి తెలిసిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడి నుంచి రెండు వైపులా తనంత బాగా ఆడితే ఏ ఎత్తు మంచిది? ఆటగాడి ప్రశ్న వేరు: గడియారంలో ఆరు నిమిషాలే ఉన్నాయి, నాకు తెలిసింది ఇంతే, ఎదురుగా ఉన్నది ఈ మనిషి, ఇప్పుడు నేను వెయ్యాల్సిన ఎత్తు ఏది? ఎక్కువసార్లు రెండింటికీ జవాబు ఒకటే వస్తుంది. రాని చోట్లు గుర్తుపట్టడమే ఆట సమీక్షలో అసలు కష్టం. రాజాం నుంచి ఇచ్ఛాపురం దాకా మంచి కోచ్ దగ్గర్లో లేని ఊళ్ళే ఎక్కువ. అక్కడి పిల్లలకి రోజూ దొరికే గురువు ఫోన్‌లోని స్టాక్‌ఫిష్ అనే ఇంజినే కాబట్టి ఈ తేడా వాళ్ళకి మరీ తెలియాలి.

ముందు ఆ అంకె సంగతి

ఏ పక్షం ఎంత ముందుందో చెప్పడానికి ఇంజిన్ ఒక అంకె చూపిస్తుంది. +1.00 అంటే ఒక బంటు ఎక్కువ అని చాలామంది ఇప్పటికీ చెబుతారు. ఒకప్పుడు దాదాపు అంతే. 2020 సెప్టెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 12తో స్థితిని అంచనా వేసే పనిలోకి న్యూరల్ నెట్‌వర్క్, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రాం, వచ్చింది. 2022 డిసెంబరులో వచ్చిన 15.1 వెర్షన్‌తో అంకె అర్థమే మార్చారు. రెండు వైపులా స్టాక్‌ఫిష్షే ఆడితే, +1.00 ఉన్న పక్షం గెలిచే అవకాశం నూటికి యాభై అని ఇప్పటి లెక్క. మిగతా యాభైలో దాదాపు అన్నీ డ్రాలే. అంటే ఈ అంకె రెండు యంత్రాల మధ్య ఆట గురించి చెబుతోంది.

మనుషులకి వర్తించేలా లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్ దాన్ని గెలుపు శాతంగా మారుస్తుంది. ఆ సూత్రంలో 0.00కి 50, +1.00కి 59, +3.00కి 75, +5.00కి 86, +8.00కి 95 వస్తాయి. తప్పుల గుర్తులు కూడా ఈ శాతం ఎంత పడిందో చూసే పడతాయి. కాబట్టి +8 నుంచి +5కి దిగితే పోయింది 9 శాతమే. సమంగా ఉన్న స్థితి నుంచి -1.50కి దిగితే దాదాపు 14 శాతం పోతుంది. అంకె మూడు తగ్గిన మొదటి ఎత్తు కన్నా ఒకటిన్నర తగ్గిన రెండోదే పెద్ద తప్పు. మీ యాప్ ఉత్త అంకెల తేడా మాత్రమే చూపిస్తుంటే ఈ పట్టిక పక్కన రాసి పెట్టుకోండి, సగం తగవులు అక్కడే తీరతాయి.

డెప్త్, అంటే ఇంజిన్ ఎన్ని ఎత్తులు ముందుకి చూసిందనే లెక్క గురించి కూడా ఒక మాట. డెప్త్ 24 అంటే ఇరవై నాలుగు అర ఎత్తులు, అంటే తెలుపుకి పన్నెండు, నలుపుకి పన్నెండు. ఆ లోతు వరకు అన్ని దారులూ చూసిందని కాదు. పనికిరావనిపించిన కొమ్మల్ని మధ్యలోనే నరికేసి, బాగున్నవాటిని ఇంకా లోతుకి చూస్తుంది. అందుకే ఫోన్‌లో డెప్త్ 14 దగ్గర కనపడిన ఎత్తు 22 దగ్గర మాయమవుతుంది. వాదనకి దిగేముందు కనీసం 25 దాకా ఆగండి. ఇంకో పద్ధతి దీనికన్నా మంచిది: ఇంజిన్ చూపిన లైను, అంటే ఎత్తుల వరస, చివరిదాకా బోర్డు మీద నడిచి, ఒక్కో ఎత్తూ వెనక్కి రండి. ముందు చూసినది దాని జ్ఞాపకంలో ఉంటుంది కాబట్టి వెనక్కి వచ్చేసరికి అంకె చాలాసార్లు మారుతుంది. లైనులో మొదటి మూడు నాలుగు ఎత్తుల మీద నమ్మకం పెట్టుకోవచ్చు. తోక భాగాన్ని అది పెద్దగా పరీక్షించి ఉండదు.

వాదించకూడని చోటు

మీ ఎత్తుకి ఇంజిన్ చూపిన జవాబు మూడు ఎత్తుల లోపు చెక్‌తోనో, పావు కొట్టడంతోనో, తప్పించుకోలేని బెదిరింపుతోనో మిమ్మల్ని దెబ్బతీస్తుంటే అక్కడ అభిప్రాయభేదం అనే మాటే లేదు. మీరు చూడలేదు, అది చూసింది. ఎత్తుగడల లెక్కలో ఇంజిన్‌తో పోటీపడేవాడు ఇప్పుడు భూమ్మీద లేడు. “అది అలా ఆడుతుందని నేను అనుకోలేదు” అనేది కారణం కాదు. ఎదుటివాడు ఆ దెబ్బ కొట్టకుండా వదిలేసినా తప్పు తప్పే.

1200 నుంచి 1600 రేటింగ్ మధ్య ఆటల్లో ఫలితాన్ని మార్చేవి ఎక్కువగా ఇవే. కాబట్టి ఇంజిన్‌ని కాదనే హక్కు గురించి మాట్లాడేముందు ఇవన్నీ వేరు చేసి, ఒక్కోదాన్నీ ఎందుకు చూడలేకపోయారో రాసుకోవాలి. బెదిరింపు అర్థం కాకపోతే లీచెస్‌లో కంప్యూటర్ మీద ‘ఎక్స్’ మీట నొక్కండి, మీ వంతు దాటవేస్తే ఎదుటివాడు ఏం చేస్తాడో బాణం గుర్తు చూపిస్తుంది.

రెండూ సరైనవే అయిన చోటు

మొదటి ఎత్తు +0.35, మీది +0.15 అయితే దాని గురించి నిమిషం కూడా వృథా చెయ్యొద్దు. పిల్లలు ఇక్కడే “బెస్ట్ మూవ్ వెయ్యలేదు” అని బెంగపడతారు. ఒక్క లైను మాత్రమే చూపించేలా పెట్టుకోవడమే ఈ బెంగకి కారణం. సెట్టింగుల్లో మూడు లైన్లు పెట్టండి. అదే డెప్త్ చేరడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది, కానీ మూడు ఎత్తులూ ఒకే విలువలో ఉన్నాయని కళ్ళకి కనపడుతుంది. అప్పుడు అడగాల్సింది ఒకటే: ఈ మూడింటిలో తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలిసిన ఎత్తు ఏది?

గెలిచే ఆటని చిన్నది చేసుకోవడం

ఇంజిన్‌కి తొందర లేదు, అలసట లేదు, భయం లేదు. మంత్రులు బోర్డు మీద ఉండగా +9 ఉంటే, మార్చేసుకున్నాక +6 వస్తే అది మార్చొద్దంటుంది. మేట్ కనపడుతున్న చోట వేరే దారి పడితే బలవంతపు మేట్ పోయిందని హెచ్చరిక కూడా పెడుతుంది. రెండు నిమిషాలు మిగిలిన ఆటగాడికి మాత్రం ఎదుటివాడి దగ్గర చెక్‌లు ఇవ్వగల పావు లేకుండా చెయ్యడమే ఎక్కువ విలువైన పని. కాకపోతే “చిన్నది చేసుకున్నాను” అని ఊరికే అంటే చెల్లదు, లెక్క చూపాలి.

ఒక స్థితి పెట్టి చూద్దాం (గడి పేరులో అక్షరం నిలువు వరసకి, అంకె అడ్డ వరసకి గుర్తు). తెలుపు రాజు ఈ3, మంత్రి సీ5, బంట్లు ఏ4, జీ3, హెచ్4. నలుపు రాజు ఈ6, ఏనుగు డీ5, బంట్లు జీ6, హెచ్5. ఎత్తు తెలుపుది. మంత్రిని కాపాడుకుంటూ చెక్‌లు ఇచ్చే దారులు చాలా ఉన్నాయి. ఇంజిన్ వాటిలో దేన్ని పైన పెట్టినా సరే, మంత్రితో డీ5 ఏనుగుని కొట్టెయ్యడం తప్పని ఎవరూ అనలేరు. నలుపు రాజు తిరిగి కొడతాడు. ఇప్పుడు బంటు ఏ5కి. నలుపు రాజు దాని వెంట పడక తప్పదు, సీ5. తెలుపు రాజు ఎఫ్4. నలుపు రాజు బీ5, తెలుపు రాజు జీ5. నలుపు ఏ5 బంటుని తింటాడు, తెలుపు జీ6 బంటుని తింటాడు. నలుపు బీ6, తెలుపు హెచ్5 బంటుని కూడా తింటాడు. నలుపు సీ7, తెలుపు జీ6. నలుపు డీ7, తెలుపు జీ7. ఇక హెచ్ బంటు నడకకి అడ్డొచ్చేవాడు లేడు. నలుపు రాజు ఈ7కి వచ్చినా ఎఫ్8, ఎఫ్7, ఎఫ్6 మూడు గడులూ తెలుపు రాజు కాపలాలోనే ఉంటాయి.

ఇలా చివరిదాకా చెప్పగలిగితే మీ ఎత్తుకి పూర్తి మార్కులు. మధ్యలో “తర్వాత ఎలాగో గెలుస్తాను” అనే మాట వచ్చిందంటే ఇంజిన్ వైపే న్యాయం. రాజులు, బంట్లే మిగిలిన చివరి ఘట్టంలో, అంటే బంట్ల ఎండ్‌గేమ్‌లో, ఒక్క ఎత్తు అటూ ఇటూ అయితే గెలుపు డ్రా అయిపోతుంది. ఏనుగుల ఎండ్‌గేమ్‌లోకి మార్చుకుని గెలుస్తామనుకునేవాళ్ళు ఇక్కడే ఎక్కువ నష్టపోతారు. ఒక బంటు ఎక్కువున్న ఏనుగుల ఎండ్‌గేమ్‌లు బోలెడు డ్రాలు.

ఒకే దారి ఉన్న గెలుపు

ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఆటగాళ్ళ అసలు వాదన సరైనదిగా తేలే చోటు ఇదే, మోసపోయే చోటూ ఇదే. మీరు ఒక బంటు ముందున్నారు. ఇంజిన్ రాజుని మధ్యలోనే ఉంచి రెండో బంటుని కొట్టమంది, +2.6. మీరు కాస్లింగ్ చేసి రాజుని పక్కకి, ఏనుగు చాటుకి చేర్చారు, +1.3. గెలుపు శాతం 72 నుంచి 62కి దిగింది కాబట్టి యాప్ మిస్టేక్ గుర్తు పెట్టేస్తుంది. మీరు తప్పు చేశారా?

మూడు లైన్లు ఆన్ చేసి, ఇంజిన్ చెప్పిన ఎత్తు వేసి, నలుపు చేత అన్నిటికన్నా గట్టి దాడి ఆడించండి. తెలుపు వంతు వచ్చిన ప్రతిసారీ మొదటి లైనుకీ రెండో లైనుకీ తేడా చూడండి. తేడా 1.5 దాటితే అది వెయ్యక తప్పని ఎత్తు, పక్కన గీత పెట్టండి. ఆరు ఎత్తులు నడిచాక గీతలు లెక్కపెట్టండి. ఒకటో రెండో ఉండి, అవి చెక్‌కి జవాబులో, పావుని తిరిగి కొట్టడాలో అయితే ఆ బంటుని మీరు కొట్టాల్సిందే, మీకు ధైర్యం చాలలేదు. నాలుగు గీతలుండి, వాటిలో రెండు ఏ బెదిరింపూ లేని నిశ్శబ్దమైన ఎత్తులైతే, ఉదాహరణకి గుర్రం వెనక్కి జీ1కి పోవడం లాంటివైతే, ఆ +2.6 మీది కాదు. పదిహేను నిమిషాల ఆటలో వాటిని వరసగా కనిపెట్టే మనిషి అరుదు. కాస్లింగే సరైన నిర్ణయం, దాన్ని అలాగే రాసుకోవచ్చు.

ఇదే లెక్క ఎదుటివాడి వైపు నుంచి కూడా వెయ్యాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. మీ స్థితి 0.00 అయినా, అది నిలబెట్టుకోవడానికి అవతలివాడు ప్రతిసారీ ఒకే ఒక్క ఎత్తు వెయ్యాల్సి వస్తే మీరు డ్రా ఒప్పుకోనవసరం లేదు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ ఆట ఇందుకు గట్టి ఉదాహరణ. చెన్నైలో పుట్టిన తెలుగింటి కుర్రాడు గుకేశ్‌కి నల్లపావులతో ఒక బంటు ఎక్కువ ఉంది. ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో బిషప్ ఉన్నాయి. ఇంజిన్ లెక్కలో అది డ్రా. గుకేశ్ ఆడుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ తన ఏనుగుని ఎఫ్2కి తెచ్చి మార్పిడికి పెట్టాడు. ఏనుగులు పోయాక గుకేశ్ బిషప్‌ని డీ5కి తెచ్చాడు. మూలన ఏ8లో ఉన్న తెల్ల బిషప్‌కి మార్పిడి తప్పలేదు, మిగిలిన బంట్ల ఎండ్‌గేమ్ ఓటమే. 0.00 అంటే ఇద్దరికీ సులువని అర్థం కాదని ఇంతకన్నా బాగా చూపించే ఆట ఈమధ్య లేదు.

కొద్ది పావులే మిగిలిన స్థితులన్నిటికీ ఫలితం ముందే లెక్కకట్టి పెట్టిన పట్టికలు, అంటే టేబుల్‌బేస్‌లకీ ఇదే వర్తిస్తుంది. బోర్డు మీద రాజులతో కలిపి ఏడు లేదా అంతకన్నా తక్కువ పావులు మిగిలితే లీచెస్ టేబుల్‌బేస్ తీర్పు చెబుతుంది, అందులో పొరపాటుకి చోటు లేదు. కానీ డ్రా అయ్యే ఎత్తులన్నిటినీ అది ఒకే గాటన కట్టేస్తుంది. ఏనుగు, బంటు ఉన్నవాడి మీద ఒంటి ఏనుగుతో కాచుకుంటున్నారనుకోండి. మీ రాజు బంటుకి ఎదురుగా ఉంది. ఏనుగుని ఎదుటివాడి రాజు ముందుకి రాకుండా, అతని వైపు నుంచి లెక్కిస్తే ఆరో వరసలో కూర్చోబెట్టే ఫిలిడార్ పద్ధతీ ఉంది, బంటు వెనక నుంచి పట్టుకునే పద్ధతీ ఉంది. రెండూ డ్రాలే అని టేబుల్‌బేస్ అంటుంది. మొదటిదాంట్లో బంటు ముందుకి నడిచేదాకా ఊరికే అటూ ఇటూ కదిలి, నడవగానే అతని మొదటి వరసకి వెళ్ళి వెనక నుంచి చెక్‌లు ఇస్తే చాలు. రెండోదాంట్లో రాజు పొట్టి వైపుకి, అంటే బంటుకి పక్కన తక్కువ నిలువు వరసలున్న వైపుకి, జరగాలని తెలియకపోతే ఆట పోతుంది. కాబట్టి ఫిలిడార్ చేతిలో ఉండగా రెండోదాన్ని ఎంచుకున్న పిల్లవాడికి “అదీ డ్రానే కదా” అని వదిలెయ్యకూడదు, ఇంజిన్ ఏ గుర్తూ పెట్టకపోయినా.

కదలని కోటలు

ఆధునిక ఇంజిన్ కూడా తడబడే చోటు ఇది. బంట్లన్నీ ఒకదానికొకటి అడ్డంపడి తలుపులన్నీ మూసుకుపోయిన స్థితుల్లో ఎక్కువ బలం ఉన్నవాడికి +1.5, +2 చూపిస్తూనే ఉంటుంది. వేర్వేరు రంగు గడుల బిషప్‌లున్నప్పుడు రెండు బంట్లు ఎక్కువున్నా గెలవలేని స్థితులుంటాయి. అనుమానం వస్తే పరీక్ష సులువు. రెండు వైపులా ఇంజిన్ చేతే ఇరవై ఎత్తులు ఆడించండి, కంప్యూటర్ మీద స్పేస్ బార్ నొక్కుతూ పోతే చాలు. ఇరవై ఎత్తులయ్యాక కూడా అంకె అక్కడే ఉండి, ఒక్క బంటూ కదలక, పావులు ఇటు నుంచి అటు తిరుగుతుంటే అది కోట. యాభై ఎత్తుల నియమం దాన్ని డ్రా చేస్తుంది. అంకె మెల్లగా పెరుగుతూ పోతే, లేదా ఎక్కడో ఒక బంటుని బలిచ్చి దారి తెరుచుకుంటే మీరనుకున్న కోట కోట కాదు.

1998 లినారెస్ టోర్నీలో గ్రాండ్‌మాస్టర్ టొపలోవ్ మీద మరో గ్రాండ్‌మాస్టర్ షిరోవ్ వేసిన 47వ ఎత్తు ఇలాంటి తలుపు తెరిచినదే. ఇద్దరి బిషప్‌లూ వేర్వేరు రంగు గడులవి. షిరోవ్ తన బిషప్‌ని హెచ్3లో ఊరికే బలిచ్చి రాజుకి దారి చేసుకున్నాడు. అప్పటి ఇంజిన్లకి అది కనపడలేదు.

ఓపెనింగ్‌లు, ఓడిపోతున్న స్థితులు

ఆట మొదలుపెట్టే పద్ధతులే ఓపెనింగ్‌లు. వాటిలో కింగ్స్ ఇండియన్‌లో ఇంజిన్ తెలుపుకి మంచి ఆధిక్యం చూపిస్తుంది, కింగ్స్ గాంబిట్‌లో నలుపే మెరుగంటుంది. ఆ అంకెలు చూసి ఓపెనింగ్ మార్చేసేవాళ్ళు ఏ ఓపెనింగ్‌లోనూ కుదురుకోలేరు. మీ స్థాయి ఆటల్లో ఆ అర బంటు తేడాని గెలుపుగా మార్చగలవాడు ఎదురుపడేదాకా మీకు అర్థమైన ఓపెనింగే ఆడండి. దీనికి అటువైపు కూడా చూడాలి. రెండో ఎత్తులోనే మంత్రిని హెచ్5కి తెచ్చే ఆటని ఇంజిన్ బ్లండర్ అనదు, తేడా అర బంటు చుట్టూనే ఉంటుంది. కోచ్ మాస్టారు మాత్రం వద్దంటారు, ఆయన మాటే సరి. నాలుగెత్తుల మేట్ మీద ఆశతో ఆడే పిల్లవాడికి పావులు బయటికి తీయడం అలవాటు కాదు.

-4 దగ్గర ఇంజిన్ సలహా మరీ తక్కువ పనికొస్తుంది. మంత్రులు మార్చుకుంటే -3.8, గందరగోళం పెంచితే -5 అంటుంది. నెమ్మదిగా ఓడటం దానికి మెరుగు. మీరు -5 దారి పట్టొచ్చు, కానీ ఎదుటివాడికి సరైన జవాబు ఒక్కటే ఉండాలి, అది వెంటనే కనపడనిదై ఉండాలి. ఏ ఎత్తు వేసినా గెలిచే చోట ఊరికే చెక్ ఇవ్వడం గందరగోళం కాదు.

కాదనే పద్ధతి

ఇదంతా ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు మొదలవ్వాలి. ర్యాపిడ్‌లో ఎత్తులు రాయాలన్న నియమం లేదు కాబట్టి ఆట అయిన గంటలోపే గుర్తు తెచ్చుకుని లీచెస్ స్టడీలో, అంటే ఆటలు, వ్యాఖ్యలు దాచుకునే పేజీలో, ఎక్కించండి. గడియారం ఎక్కడెక్కడ ఎంత ఉందో కూడా రాయండి. తర్వాత మూడు చోట్లు ఎంచుకోండి: ఎక్కువసేపు ఆలోచించిన ఎత్తు, భయపడిన ఎత్తు, ఆట మలుపు తిరిగిందనిపించిన ఎత్తు. ఒక్కోచోట అప్పుడు ఏం చూశారో, ఏ జవాబు వస్తుందనుకున్నారో రెండు వాక్యాల్లో రాయండి. ఇంజిన్ చూశాక రాస్తే అది మీ ఆలోచన కాదు.

అప్పుడు ఇంజిన్ ఆన్ చెయ్యండి. అది వేరే ఎత్తు చెబితే ముందు మీ ఎత్తు వేసి, దాని మీద ఇంజిన్ జవాబుని నాలుగు ఎత్తులు నడిపించండి. దెబ్బ కనపడితే ఒప్పుకుని రాసుకోండి. కనపడకపోతే ఇంజిన్ ఎత్తుని కూడా అలాగే నడిపి, గీతల లెక్క వెయ్యండి. ఇంకా తేలకపోతే యంత్రాన్ని పక్కన పెట్టి మనిషిని పిలవండి. మీ స్థాయి స్నేహితుడితో మీ ఎత్తు తర్వాతి స్థితి నుంచి పది నిమిషాల ఆటలు రెండు, రంగులు మార్చుకుని ఆడండి. ఇంజిన్ ఎత్తు తర్వాతి స్థితి నుంచి మరో రెండు ఆడండి. నాలుగు ఆటలతో నిజం రుజువైపోదు, కానీ ఏ స్థితిలో ఏం చెయ్యాలో మీకు తెలియలేదో కచ్చితంగా బయటపడుతుంది.

ఆ తర్వాతే “ఒప్పుకోను” అని రాయండి, కింద కారణంతో, ఎత్తుల వరసతో. “నా శైలి” అనే మాట కారణం కింద రాకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళు కచ్చితత్వం శాతం చూసి కోప్పడే బదులు ఈ పేజీ చదివించుకుంటే మేలు. తిన్నగా సాగిన ఇరవై ఎత్తుల డ్రాలో 95 శాతం సులువుగా వస్తుంది, అరవై ఎత్తులు పోరాడి గెలిచిన ఆటలో 75 రావచ్చు. రెండు నెలలకొకసారి పాత పేజీలు తిరగేసి, ఒప్పుకోనని రాసిన చోట్లు మళ్ళీ అదే పద్ధతిలో చూడండి. కొన్నిచోట్ల ఇంజిన్ ఎత్తు ఇప్పుడు మీకే సహజంగా తోస్తుంది, అక్కడ పాత కారణాన్ని కొట్టేసి కొత్తది రాయండి. కొన్నిచోట్ల మీ కారణం ఇంకా నిలబడుతుంది. ఆ స్థితుల్ని బోర్డు మీద పెట్టి, ఇంజిన్ అంకె చెప్పకుండా, మీకన్నా రెండు మూడు వందల రేటింగ్ ఎక్కువున్నవాళ్ళని ఏ ఎత్తు వేస్తారో అడగండి.